నొప్పి తెలియని పాదం

మొదటి మజిలీ సత్రం

బావగారికి,

చేరాను. బాగానే ఉన్నాను. ఇంతటితో ఆపేద్దామనుకున్నాను గానీ మీరు కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి "ఇంతేనా?" అంటారు. అందుకని రాస్తున్నాను. గోదాములో మూటల మీది రాతలు చూసి నేర్చుకున్న అక్షరాలు నావి. మీ కుట్టంత తిన్నగా ఉండవు. నవ్వుకుంటే నవ్వుకోండి, అమ్మాయికి మాత్రం చూపించకండి.

ఉత్తరాలన్నీ షాపుకే రాస్తాను. ఇంటికి రాస్తే అది చూస్తుంది. నేను బస్సులో కొండకి వెళ్ళి అక్కడ సేవ చేసుకుంటున్నానని కదా మీరు దానికి చెప్పింది. అలాగే ఉండనివ్వండి. నడుస్తున్నానని తెలిస్తే మంచం మీంచి లేచి కూర్చుంటుంది. డాక్టరమ్మ లేవొద్దంది. రెండుసార్లు నిలవని కడుపు. ఈసారి నిలవాలి. నేను మొక్కుకుంది ఆ ఒక్క మాటే. ఇంటి గడప నుంచి కొండ మీదిదాకా చక్రమున్న బండి ఏదీ ఎక్కకుండా నడిచి వస్తాను, బిడ్డని బతికించి చేతిలో పెట్టు అన్నాను. మధ్యలో బండెక్కానా, మాట తప్పినట్టే.

వచ్చే ఏడు నేనూ నడుస్తాను, తెలిసిన సంగతులు రాయండి అన్నారు. మీరు నడవరని నాకు తెలుసు. షాపు నుంచి ఇంటికే గొడుగేసుకుని ఆగి ఆగి వస్తారు. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

సంచి తేలిగ్గా ఉండాలి. ఇక్కడ కొందరు పెళ్ళికి బయలుదేరినట్టు వచ్చారు. ఒకాయన దిండు తెచ్చాడు. ఒకావిడ అద్దం తెచ్చింది. సగం దారికే ఆ దిండుని గోడ మీద పెట్టి దణ్ణం పెట్టి వచ్చేశాడు. దాహం వేసేదాకా ఆగి నీళ్ళు తాగకూడదు, గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉండాలి. పక్కవాడి నడక నడవకూడదు. వాడు పొడుగ్గా ఉంటాడు, మీరు పొట్టి. దిగుడులో ఒళ్ళు వెనక్కి వాల్చకండి. మూట నెత్తిన పెట్టుకుని లారీకి వేసిన బల్ల మీంచి దిగేవాణ్ణి ఎప్పుడన్నా చూశారా? మోకాలు వదులు చేసి చిన్న చిన్న అడుగులేస్తాడు. అదీ పద్ధతి.

ఇప్పుడు సత్రం వరండా నిండా మూలుగులే. అందరికీ బొబ్బలు. నాకన్నా చిన్నవాళ్ళు పాదాలు ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లల్ని ఊదినట్టు ఊదుకుంటున్నారు. పౌడరు డబ్బా పట్టుకుని తిరిగే ఒకాయన ఉన్నాడు, పౌడరాయన అని పేరు పెట్టాను. "పెద్దాయనా, నీకు నొప్పి లేదా?" అని అడిగాడు. "నొప్పా? అదెలా ఉంటుంది?" అన్నాను. అందరూ నావంక చూశారు. నిజమే చెప్పాను బావగారూ. నాకేం తెలియలేదు. ఈ కాళ్ళు బస్తాలు మోసిన కాళ్ళు.

అమ్మాయి ఎలా ఉందో రాయండి. రెండో మజిలీ సత్రానికి రాస్తే అందుతుంది.

మీ వియ్యంకుడు


కుట్టు షాపు నుంచి

గౌరవనీయులైన బావగారికి నమస్కరించి రాయునది,

తమరి ఉత్తరం అందింది. గొడుగు సంగతి చదివి మీ చెల్లెమ్మ కడుపుబ్బ నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, తమరి ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదని కూడా అంది. నిజమే కదండీ.

అమ్మాయి క్షేమం. పాదాలు కొంచెం వాచాయి. డాక్టరమ్మ వచ్చి చూసింది, లోపల బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందంది. మా వాడు పనికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గుమ్మంలో నిలబడి చూస్తాడు తప్ప లోపలికి రాడు. వాడికీ భయమే. ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకుంటున్నాం. గ్లాసు కింద పడినా ఉలిక్కిపడుతున్నాం.

ఒక చిన్న మాట. తమరు కోప్పడకూడదు. అమ్మాయి నన్ను పిలిచి "మామయ్యా, నాన్న షుగర్ మాత్రలు తీసుకెళ్ళాడా?" అని అడిగింది. తీసుకెళ్ళే ఉంటారమ్మా అన్నాను. తరవాత మీ చెల్లెమ్మ తమరి ఇంటికెళ్ళి గది తుడుస్తుంటే మంచం కింద కనిపించాయి. పొట్లం విప్పనైనా విప్పలేదు. మరిచిపోయారని నేననుకుంటున్నాను. వాటిని ఈ ఉత్తరంతోపాటే పంపిస్తున్నాను. సంచీలో చెమ్మ తగలకుండా మైనపు గుడ్డతో చిన్న తిత్తి కుట్టి అందులో పెట్టాను.

ఇంకో మాట. బొబ్బలు లేకపోవడం చాలా సంతోషం. అయినా పడుకునే ముందు ఒకసారి పాదాలు చూసుకుంటున్నారు కదా? ఊరికే అడుగుతున్నాను.

చిత్తగించగలరు.
మీ విధేయుడు, వియ్యంకుడు


ఏటి ఒడ్డు సత్రం

బావగారికి,

మరిచిపోలేదు. కావాలనే వదిలేశాను. నడిస్తే షుగర్ దానంతటదే దిగుతుందని ఊరంతా అంటోంది. దిగే దానికి మాత్ర ఎందుకు? మీరు పంపిన తిత్తి మాత్రం బాగుంది. అందులో అగ్గిపెట్టె పెట్టుకున్నాను. మాత్రలు సంచి అడుగున ఉన్నాయి. అమ్మాయి అడిగితే తీసుకెళ్ళాడని చెప్పండి, అబద్ధం కాదుగా.

పాదాలు చూసుకుంటున్నానా అని అడుగుతారేంటండీ. ఈ వయసులో నా పాదం నేనెలా చూసుకోను? నడుం వంగదు, కన్ను ఆనదు. చూసుకోవాల్సిన పని వస్తే అదే చెబుతుంది.

ఇంకొన్ని రాసుకోండి. మేజోళ్ళు తడిస్తే అక్కడికక్కడ విప్పెయ్యాలి. రెండో జత సంచికి పిన్నుపెట్టి ఎండలో వేలాడదీసుకుంటే నడుస్తుండగానే ఆరతాయి. ఏరు దాటేటప్పుడు నున్నగా మెరిసే రాయిని నమ్మకండి, గరుకు రాయి మీద కాలు పెట్టండి. కర్ర కిందికి దించాకే బరువెయ్యాలి. ఎవడన్నా అడ్డదారి ఉందంటే వాడితో వెళ్ళకండి. పౌడరాయన వెళ్ళాడు, ముళ్ళకంపల్లోంచి పంచె లేకుండా వచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు. నిన్న సత్రానికి చేరి బూటు విప్పాను. లోపల్నుంచి ఒక రాయి జారిపడింది. శనగగింజ కన్నా పెద్దది, మొన తేలింది. పొద్దున్న ఏటి దగ్గర ఇసకతోపాటు లోపలికి పోయుంటుంది. అంటే రోజంతా దాని మీదే నడిచాను. మేజోడు అడుగున ఎర్రగా తడిసింది. పక్కనున్నావిడ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాకైతే చీమ కుట్టినట్టన్నా లేదు. గుడ్డతో తుడిచి కట్టు కట్టేశాను.

రాయి చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒళ్ళు జలదరించింది బావగారూ. భయంతో కాదు. నా కాళ్ళ నొప్పి దేవుడు తీసేసుకున్నాడు. ఇంకెలా చెబుతాడు ఆయన? మొక్కు విన్నాడు. బిడ్డ నిలుస్తుంది. మీరు ఇంట్లో మెల్లగా మాట్లాడుకోవడం మానేసి హాయిగా ఉండండి.

మీ వియ్యంకుడు


కుట్టు షాపు నుంచి

బావగారికి,

ఉత్తరం చదివి కత్తెర కింద పెట్టేశాను. ఇవాళ గుడ్డ కోయలేదు.

నా ఎడమచేతి చూపుడువేలు తమరు ఎప్పుడన్నా చూశారో లేదో. ఏళ్ళ తరబడి సూది గుచ్చుకుని గుచ్చుకుని దాని కొస మొద్దుబారిపోయింది. ఒకసారి అది ఇస్త్రీపెట్టెకి ఆని ఉంటే చూసుకోలేదు. చర్మం కాలిన వాసన వచ్చాక గుడ్డ కాలుతోందేమోనని వెతికాను. కాలుతున్నది నా వేలు. నొప్పి లేదండీ. ఆ వేలు గట్టిదని నేనెప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. ఆ కొసమేర చచ్చిందనుకున్నాను.

డాక్టరమ్మ అమ్మాయిని చూసి వెళ్తుంటే గేటుదాకా కూడా వెళ్ళాను. మా షాపుకి వచ్చే ఒకాయన సంగతని చెప్పి రాయి మాట చెప్పాను. ఆవిడ నడిచేది ఆగిపోయింది. "ఆయనకి షుగరుందా?" అని అడిగింది. ఉందండీ అన్నాను. "ఎన్నాళ్ళుగా?" చాలా ఏళ్ళుగా. "మందులు?" వేసుకోవట్లేదండీ అన్నాను. "ఆయన్ని వెంటనే కూర్చోబెట్టండి. నొప్పి లేకపోవడమే ఆయన జబ్బు. పుండు పడినా తెలియదు, చీము పట్టినా తెలియదు. వేలితో మొదలవుతుంది, మడమకి పాకుతుంది, ఆ తరవాత మనిషినే తీసుకుపోతుంది" అంది. ఆవిడ మామూలుగానే చెప్పింది. అందుకే నాకింకా భయమేసింది.

తమరు నా మాట నమ్మరు. డాక్టరు మాట అసలే నమ్మరు. కాబట్టి ఒక పని చెయ్యండి. ఒక సూది పంపిస్తున్నాను, కాగితంలో గుచ్చి ఉంది. ఎవరిచేతికన్నా ఇచ్చి, తమరు కళ్ళు మూసుకుని, అరికాల్లో గుచ్చమనండి. గుచ్చినప్పుడల్లా "ఆ" అనండి. అంతే. ఎన్ని "ఆ"లు వచ్చాయో వాళ్ళు చెబుతారు.

దేవుడి గుర్తు అన్నారు. దాని మీద నేనేమీ అనలేను. సూదితో చూశాక తమరే అనండి. బతిమాలుతున్నాను.

వియ్యంకుడు


అడవి అంచు సత్రం

బావగారికి,

సూది అందింది. ముందు పారేశాను. తరవాత వెతుక్కున్నాను.

సత్రంలో వంటావిడ ఉంది. పెద్ద నోరు, మంచి మనిషి. ఆమెని పిలిచి "అమ్మా, ఈ సూది నా అరికాల్లో గుచ్చు" అన్నాను. "నీకేమన్నా పిచ్చా అన్నా? పొయ్యి మీద ఎసరుంది, పోనీ" అంది. మా వియ్యంకుడితో పందెం అని చెప్పాను. పందెం అంటే ఒప్పుకుంది. గోడకి ఆనుకుని కాళ్ళు చాపి కళ్ళు మూసుకున్నాను.

కూర్చున్నాను, కూర్చున్నాను. ఆమె ఏం చెయ్యట్లేదు. "మొదలుపెట్టమ్మా, ఎసరు మరిగిపోతుంది" అన్నాను. మాట లేదు. "ఏమైంది, భయమా?" అన్నాను. అప్పుడంది. "అన్నా, గుచ్చి చాలాసేపయింది. సూది ఇంకా లోపలే ఉంది."

కళ్ళు తెరిచి చూశాను. ఉంది.

ఇంకో కాలు కూడా చూడమన్నాను. దాన్లో మడమ దగ్గర ఒకచోట "ఆ" అన్నాను. ఇంకెక్కడా అనలేదు. ఆమె నా కట్టు విప్పబోయింది. వద్దని కేకలేశాను. ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం చూశాను బావగారూ. ఆ వాసన వంటింటిది అనుకుంటున్నాను నేను ఇన్నాళ్ళూ.

మీరు గెలిచారు. ఇప్పుడు నా మాట వినండి.

నేను ఆగను. ఆగలేను. నొప్పి దేవుడు తీసుకోలేదు, జబ్బు తీసుకుంది. సరే. అంటే ఆయన ఇంకా ఏమీ చెప్పలేదన్నమాట. అంటే అమ్మాయి సంగతి ఇంకా తేలలేదు. ఇప్పుడు నేను ఇక్కడ బండెక్కితే అక్కడ దానికి ఏం జరుగుతుందో నేను రాయలేను. మీరూ చదవలేరు. తల్లి లేని పిల్ల. మొదటిసారి పోయినప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. రెండోసారి పోయినప్పుడు ఏడవలేదు, గోడవంక చూస్తూ కూర్చుంది. మూడోసారి ఎలా ఉంటుందో చూడ్డానికి నాకు కాళ్ళు ఎందుకు, కళ్ళు ఎందుకు?

రోజూ గుంపులో చివర నడుస్తున్నాను. గాలి వాళ్ళవైపు పోకుండా చూసుకుంటున్నాను. సాయంత్రమయ్యేసరికి బూటు విప్పాలంటే భయం. విప్పకుండానే పడుకుంటున్నాను. ఒళ్ళు కాలుతోంది, మళ్ళీ వణుకుతోంది. మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టాను, ఇది మాత్రం చెప్పాలి.

వంటావిడ రెండు రోజులన్నా ఆగమని గొడవ చేస్తోంది. ఏరు పొంగి దారి తెగింది, ఎలాగూ అందరూ ఆగారు. నీళ్ళు తియ్యగానే బయలుదేరతాను. తరవాతి సత్రానికి ఉత్తరం రాయకండి. చదవను.

వియ్యంకుడు


కుట్టు షాపు నుంచి, బయలుదేరబోతూ

బావా,

ఇక తమరూ లేదు, మీరూ లేదు. నోరు మూసుకుని ఆ సత్రంలోనే కూర్చో.

ఈ ఉత్తరం అటు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. నా కన్నా ముందు ఇది చేరుతుంది. వెనకే నేను వస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివాక నాకు ఏం తోచిందో చెబితే నన్ను అసహ్యించుకుంటావు, అయినా చెబుతున్నాను. నడవనీ అనుకున్నాను. ఒక పూట, సరిగ్గా ఒక పూట, అలా అనుకుంటూ మిషను తొక్కాను. ఇంకెంత, కొండ దగ్గరికొచ్చేశాడు, బిడ్డ బతుకుతుంది అనుకున్నాను. నాకూ నీలాంటి భయమే ఉంది బావా. నీ కాలికన్నా ఆ బిడ్డ మీదే నాకు ఆశ ఎక్కువ. తరవాత కుట్టిన చొక్కా చూసుకుంటే చెయ్యి ఉండాల్సిన చోట మెడ కుట్టాను. లేచి షాపు మూసేశాను.

మన వీధిలో ఈ దారి నడిచొచ్చిన వాళ్ళని వాకబు చేశాను. నడవలేక ఆగిన మనిషి కర్ర అందుకుని, ఆగిన చోటు నుంచి ఆ ఇంటి మనిషి నడిస్తే ఒకే నడక కిందికి వస్తుందట. మొదటినుంచీ ఆ దారిలో ఉన్న పద్ధతేనట. నువ్వెప్పుడూ ఎవర్నీ ఏమీ అడగవు కాబట్టి నీకు తెలియలేదు. ఆ బిడ్డకి నువ్వెంత తాతవో నేనూ అంతే తాతని. కర్ర నాకిచ్చి ఆస్పత్రికి వెళ్ళు.

నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు. కాలు మాత్రం కదపకు. కదిపావా, అమ్మాయికి అన్నీ చెప్పేస్తాను.

నీ బావ


కొండదారి పట్నం, ఆస్పత్రి

బావగారికి,

మీరు నన్ను నువ్వన్నారు. పర్వాలేదు. నాకే ఇంకా నోరు తిరగట్లేదు.

మీరు కర్ర పుచ్చుకుని మలుపు తిరిగేదాకా చూశాను. ఆగి ఆగి వెనక్కి చూశారు. అలా చూస్తే దారి సాగదు, అది మొదటి మాట. వంటావిడ "మీ వియ్యంకుడు గాలొస్తే పోయేలా ఉన్నాడన్నా" అంది. "గాలొస్తే ఇంకా తొందరగా చేరతాడులే" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ తరవాత బండి ఎక్కించారు. నేను ఎక్కుతూ కళ్ళు మూసుకున్నాను. ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. బండి కదిలింది, అంతే.

ఇక్కడి డాక్టరు చిన్నవాడు. కట్టు విప్పి చూసి తలుపు మూసొచ్చాడు. అప్పుడే నాకు అర్థమైంది. బొటనవేలూ దాని పక్కదీ తీసేశారు. మిగిలిన పాదం నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. రోజూ కట్టు మార్చేటప్పుడు నేను గోడవంక తిరుగుతాను. నర్సు "పెద్దాయనా, నొప్పి ఉందా?" అని అడుగుతుంది. నిన్న మొదటిసారి మడమ పైన సలిపింది. "ఉంది" అన్నాను. ఆమె డాక్టర్ని పిలిచింది. అక్కడి కండ బతికుందన్నాడు. నొప్పికి సంతోషించే రోజు వస్తుందనుకోలేదు.

ఇంతకుముందు నేను రాసినవన్నీ గొప్పలకి రాసినవి. ఇవి నిజంగా రాసుకోండి. బూటు వేసుకునేముందు తలకిందులు చేసి దులపండి, లోపల చెయ్యి పెట్టి తడమండి. ఆగినచోటల్లా పాదం చూసుకోండి. వంగలేకపోతే ఎవర్నన్నా చూడమనండి. అడగడానికి సిగ్గుపడకండి, నేను పడ్డాను. ఒంటి మీద ఎక్కడన్నా నొప్పి పుడితే భయపడకండి. నొప్పి ఉందంటే ఒళ్ళు బతికున్నట్టే. లేకపోతేనే భయపడాలి.

కొత్త బూట్లు కొనుక్కుని వచ్చారు చూడండి, దానికి మిమ్మల్ని తన్నాలి. ఈ ఉత్తరం అందిన సత్రంలోనే ఎవరిదగ్గరన్నా అరిగిన జత అడిగి మార్చుకోండి.

అల్లుడు వచ్చి నన్ను మీ ఇంటికి తీసుకెళ్తానన్నాడు. అమ్మాయికి ముఖం ఎలా చూపించాలో తెలియట్లేదు.

మీ వియ్యంకుడు


కొండ కింది సత్రం

బావా,

వచ్చేశాను! కొండ కనిపిస్తోంది. గొడుగు పట్టుకునే వచ్చాను, దాంతోనే ఒక కుక్కని కూడా తరిమాను. నన్ను చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. బూట్లు మార్చుకున్నాను, పౌడరాయన తనవి ఇచ్చాడు. రోజూ పాదాలు చూసుకుంటున్నాను, ఆయనవి నేను, నావి ఆయన. నా తరపున నువ్వూ రాసుకో. దారిలో పాటలు పాడేవాళ్ళ వెనక నడవకూడదు, పాటతోపాటు కాలు పరిగెడుతుంది. సూదీదారం ఉంటే సగం దారిలో అందరూ స్నేహితులే. తెగిన సంచి తాళ్ళు ఎన్ని కుట్టానో.

ఈ సత్రానికి వచ్చే దారిలో ఎక్కుడు మొదలయ్యాక మాత్రం కాస్త ఆయాసం. ఎడమ భుజం లాగుతోంది, చేతిలోకి దిగుతోంది. సంచి ఆ పక్కన వేసుకోవడం వల్ల కాబోలు. కుడిపక్కకి మార్చినా అక్కడే లాగుతోంది. ఛాతీ మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టు ఒక బరువు. కూర్చుంటే పోతుంది, ఎక్కితే వస్తుంది. చెమట కూడా బాగా పడుతోంది, చలిలో. పౌడరాయన కంగారుపడ్డాడు. నేను నవ్వి నీ మాటే చెప్పాను, నొప్పి ఉందంటే ఒళ్ళు బతికున్నట్టే, లేకపోతేనే భయపడాలని. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను బావా. నొప్పి వచ్చినప్పుడల్లా ధైర్యంగా ఉంటోంది.

వానకి కొండదారి మీద మట్టి జారిందట. తీసేదాకా ఎవర్నీ పైకి పంపట్లేదు. తియ్యగానే మొదట ఎక్కేది నేనే. కిందికి పోయే బస్సు డ్రైవరు ఈ ఉత్తరం ఇవాళే మా వాడి చేతికి ఇస్తానన్నాడు. బిడ్డ పుట్టాక అమ్మాయికి చెప్పు, వాళ్ళ మామయ్య పైదాకా ఎక్కాడని.

నీ బావ


మీ ఇంటి నుంచి

బావా,

ఎక్కకు.

నీ కొడుకే ఈ కాగితం తెస్తున్నాడు. వాడు నోటితో చెబితే నువ్వు వినవు, అందుకని నా చేత్తో రాసి ఇస్తున్నాను. సత్రం ఫోను మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. వాడు మోటారు సైకిలు బయటికి తీస్తున్నాడు, నేను రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

నేను చెప్పిన మాట నా కాలికి చెప్పుకున్న మాట. నీ గుండెకి కాదు. నాకు నొప్పి లేకపోవడం జబ్బు, నీకు నొప్పి రావడం జబ్బు. ఇద్దరికీ ఒకే మాట ఎలా సరిపోతుందనుకున్నానో నాకే తెలియదు. మూటలు మోసే మా జట్టులో ఒకడు ఇలాగే ఎడమ చెయ్యి లాగుతోంది, తాడు బిగిసిందేమో అన్నాడు. ఇంకో బస్తా ఎత్తుకున్నాడు. దించింది మేం, వాడు మళ్ళీ లేవలేదు. కూర్చో బావా. నిలబడి ఉంటే ఇప్పుడే కూర్చో. సంచి ముట్టుకోకు. డాక్టరు దగ్గరికి నిన్ను నీ కొడుకు తీసుకెళ్తాడు. వాడు ఏ బండి ఎక్కమంటే అది ఎక్కు.

నీ ఉత్తరం నాకు చదవడం ఆలస్యమవుతుందని చెల్లెమ్మ పైకి చదివింది. అమ్మాయి లోపల్నుంచి వింది. అన్నీ తెలిసిపోయాయి. నా కాలు కూడా చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నా కడుపులో బిడ్డని తీసుకెళ్ళి మీ ఇద్దరి కాళ్ళకి ఎవరు కట్టమన్నారు నాన్నా?" అంది. దానికి నీ దగ్గర జవాబుంటే ఇంటికొచ్చి చెప్పు.

మొక్కు నాది. మొక్కింది నేను, ఇప్పుడు తెంపుతున్నది కూడా నేనే. దేవుడు అడిగితే నన్నే అడగమను, ఇక్కడే మంచం మీద ఉంటాను, ఎక్కడికీ పారిపోలేను. కొండ పైదాకా నువ్వు వెళ్ళక్కర్లేదు. ఆ కర్ర ఎక్కడ ఉందో అక్కడ వదిలెయ్.

నీ దగ్గర ఏదీ దాచను. పొద్దున్నుంచి అమ్మాయికి నడుం నొప్పి వస్తూ పోతూ ఉంది. డాక్టరమ్మ వచ్చింది. ఇంకా నెలలు నిండలేదు గదా, చూద్దాం అంది. చూద్దాం అన్నప్పుడు నావంక చూడలేదు. ఇప్పుడు ఆ గది తలుపు మూసి ఉంది. లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి, ఏమంటున్నారో తెలియదు. నేను తెంపిన పూటే ఇలా జరగాలా అని ఒకటే దడ. అయినా మాట మార్చను. ఎక్కమని రాయను. ఆ తలుపు తెరుచుకుని ఏ మాట వచ్చినా సరే, రాయను.

నాకు చాలా భయంగా ఉంది బావా. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. చెల్లెమ్మ లోపలుంది, నేను వరండాలో ఒక్కణ్ణే ఉన్నాను. నువ్వు అక్కడ ఒక్కడివే భయపడుతున్నావు, ధైర్యమని పేరు పెట్టుకుని.

ఇంటికి రా. భయపడేదేదో ఇద్దరం ఒకచోట కూర్చుని భయపడదాం.